కొలత జాకెట్టు

పెళ్ళి ముహూర్తం పెట్టుకున్న మర్నాడు ఆడవాళ్ళు ముందుగా ఎవరికి ఫోన్ చేస్తారో చెప్పండి చూద్దాం. పురోహితుడికీ కాదు, వంటవాళ్ళకీ కాదు. టైలరుకి. మాఘమో వైశాఖమో వచ్చిందంటే మా రాజమండ్రిలో మంచి టైలరు దొరకడం గోదావరి పుష్కరాల్లో రైలు టిక్కెట్టు దొరకడంతో సమానం. నెల ముందు ఇస్తేనే తీసుకుంటారు. మగ్గం వర్క్ అయితే రెండు నెలలు. ఇచ్చినప్పుడు వాళ్ళు అడిగేది ఒక్కటే మాట: "కొలత జాకెట్టు తెచ్చారా అమ్మా?"

ఈ కొలత జాకెట్టు గురించి ఎవరైనా ఒక వ్యాసం రాయాలని నాకెప్పటినుంచో ఉంది. ప్రతి ఇంట్లో బీరువా పై అరలో ఒకటి ఉంటుంది. రంగు వెలిసిపోయి, ఏ చీర మీదిదో కూడా గుర్తులేనిది, కానీ ఒంటికి అతికినట్టు కుదిరినది. దాన్ని కట్టుకోవడానికి వాడం, పారెయ్యం. సంచీలో పెట్టుకుని టైలరు దగ్గరికి తీసుకెళ్ళి, మళ్ళీ జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకుంటాం. నాదొకటి ముదురు ఆకుపచ్చది, చిన్నబ్బాయి పుట్టాక కుట్టించినది. పదిహేనేళ్ళపాటు పక్కల్లో ఒక కుట్టు విప్పుకుంటూ, మళ్ళీ వేసుకుంటూ దాంతోనే నడిపించాను. టేపు పెట్టి నన్ను కొలిచిన మనిషి ఆ పదిహేనేళ్ళలో ఒక్కరూ లేరు.

2022 ఆగస్టు తర్వాత ఆ జాకెట్టు నాకు పనికిరాలేదు. ఎడమ వైపు రొమ్ము తీసేశారు. దాంతోపాటు చంకలో ఉండే లింఫు గ్రంథులు కూడా. తర్వాత కీమో, ఆ తర్వాత రేడియేషన్. ఆ సంగతులన్నీ ఇదివరకే కొంత రాశాను, మళ్ళీ చెప్పి మిమ్మల్ని కూర్చోబెట్టను. ఇవాళ చెప్పదలచుకున్నది మా పెద్దమ్మాయి పెళ్ళికి నా జాకెట్టు నేనే కుట్టుకున్న సంగతి.

మొదటినుంచీ కుట్టుకుందామనేం అనుకోలేదు. మిషను పని నాకు కొత్త కాదు. ఇంటర్ పరీక్షలయిన వేసవిలో మా అమ్మ పాత పేపర్లు పరిచి డ్రాఫ్టింగు నేర్పింది. పెళ్ళప్పుడు సారెతోపాటు ఒక ఉషా మిషను కూడా ఇచ్చి పంపింది. పిల్లల గౌన్లు, గలేబులు, లంగాలు, చీరలకి ఫాల్సు అన్నీ ఇంట్లోనే. పట్టు జాకెట్లు మాత్రం బయట ఇచ్చేదాన్ని, అందరిలాగే. కానీ ఆపరేషన్ తర్వాత రెండుసార్లు టైలర్ల దగ్గరికి వెళ్ళాను. మొదటిచోట ఆవిడ మంచిదే, గొంతు మాత్రం పెద్దది. కొట్లో నలుగురు ఉండగా, "ఎడం పక్క దూది కూరమంటారా అమ్మా?" అని అడిగింది. ఆవిడకి అది పనికి సంబంధించిన ప్రశ్న. మిగతా నలుగురూ మాత్రం నా మొహంకేసి కాకుండా ఇంకోచోటికి చూశారు. రెండోచోట మగ టైలరు. ఆయన తల ఎత్తకుండా, "కొలత జాకెట్టు ఇచ్చెయ్యండమ్మా, చాలు" అన్నాడు. ఇవ్వడానికి ఉంటే కదా.

ఆ తర్వాత రెండేళ్ళు రెడీమేడ్ కాటన్ జాకెట్లు, కుర్తాలు, పైన చున్నీ. బయటికి వెళ్ళాల్సి వస్తే పమిట రెండు మడతలు వేసి పిన్ను. ఫంక్షన్లకి వెళ్ళడం కూడా తగ్గించాను. ఎవరైనా అడిగితే నీరసం అనేదాన్ని. అది అందరూ ఒప్పుకునే కారణం.

పెళ్ళికి మాత్రం నీరసం అనడం కుదరదు కదా. కన్యాదానం చేసేది మేమే.

అసలు ఈ సంబంధం దగ్గరే నా ఒంటి సంగతి చర్చకి వచ్చింది. మా వదిన, అంటే మా వారి అక్కగారు, ముందే చెప్పింది. "వాళ్ళకి చెప్పాల్సిన అవసరం ఏముందే? అడిగితే అప్పుడు చూద్దాం. ఆడపిల్ల తల్లివి, నీ రోగం పిల్ల మెడకి చుట్టకు." ఆవిడ మాట కరుకుగానే ఉంటుంది కానీ, కీమో రోజుల్లో ఆరు నెలలు మా ఇంట్లో ఉండి వండిపెట్టింది కూడా ఆవిడే. అందుకని నేను ఎదురు చెప్పలేదు. మా అమ్మాయికి ఆ బాధ్యతేం లేదుగా. "నేను మొదటి రోజే చెప్పేశానత్తా" అంది నిమ్మళంగా. వాళ్ళిద్దరూ ఒకే ఆఫీసులో పనిచేస్తారు. అబ్బాయి ద్వారా వాళ్ళింట్లో అందరికీ తెలిసిపోయిందన్నమాట.

తర్వాత మూడు వారాలు అటునుంచి కబురు లేదు. ఆ మూడు వారాలూ నేను ఫోన్ మోగితే తీసేదాన్ని కాదు, మా వారే తీసేవారు. నాలుగో వారం అబ్బాయి తల్లి ఒక్కావిడే మా ఇంటికి వచ్చింది. కాఫీ తాగింది. గ్లాసు కింద పెట్టి సూటిగా అడిగింది, "మీ పుట్టింటివైపు ఇంకెవరికైనా ఉందా వదినగారూ?"

గుండెల్లో కలుక్కుమంది. నిజం చెప్పాలంటే ఆ క్షణం ఆవిడ మీద కోపమే వచ్చింది. కానీ ఆ ప్రశ్న నేనూ డాక్టరుని అడిగినదే. కాబట్టి ఆయన చెప్పినదే చెప్పాను. ఈ జబ్బు వచ్చిన నూరు మందిలో అయిదు నుంచి పది మందికే వంశపారంపర్యంగా వస్తుంది. మా అమ్మకి గానీ, పిన్నులకి గానీ, మేనత్తలకి గానీ లేదు. అయినా అమ్మాయి డాక్టరుని అడిగి, ఎప్పటినుంచి పరీక్షలు చేయించుకోవాలో తెలుసుకుని పెట్టుకుంది. ఆవిడ అంతా విని, "చెప్పినందుకు సంతోషం. ఈ మూడు వారాలూ నాకు నిద్ర లేదు" అంది. నాకు మాత్రం ఉందా? ఆ మాట పైకి అనలేదు. ఫిబ్రవరిలో నిశ్చితార్థం, మే నెలలో ముహూర్తం.

చీర కొనడానికి ఉప్పాడ వెళ్ళాం. పెళ్ళికూతురి తల్లి అంటే కంచిపట్టు కట్టాలని మా వైపు ఒక లెక్క. కానీ మంచి జరీ ఉన్న కంచిపట్టు చీర పమిట ఎంత బరువుంటుందో మీకు తెలుసు. మనం పమిట వేసుకునేది ఎడమ భుజం మీద. నా ఆపరేషన్ కూడా ఎడమ వైపే. రాత్రంతా ఆ బరువు మోస్తే తెల్లారేసరికి చెయ్యి ఉబ్బిపోతుంది. ఉప్పాడ జమ్దానీ అయితే గాలికి ఎగిరేంత తేలిక. బుటాలు ఒక్కొక్కటీ మగ్గం మీద చేత్తోనే, చిన్న చిన్న కండెలతో పోగు చొప్పించి నేస్తారు. అందుకే వెనక పోగులు వేలాడవు, అటు తిప్పినా ఇటు తిప్పినా ఒకేలా కనిపిస్తుంది. 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. నేను తీసుకున్నది ముదురు వంగపండు రంగు, సన్న జరీ అంచు, చీరలోనే మీటరు కంటే కాస్త తక్కువ జాకెట్టు గుడ్డ. దుకాణంలో ఆ ముక్క పట్టుకుని చూస్తుంటే మా వదిన అంది, "ఇది ఎవరికిస్తావే కుట్టడానికి?"

"నేనే కుట్టుకుంటాను."

"పట్టు గుడ్డే! అందులో ఉప్పాడ!"

"తెలుసు వదినా."

ఆవిడ ఇంకేం అనలేదు. కారు ఎక్కాక మాత్రం, "ఎలాగూ కుడుతున్నావు, ఫోటోల్లో ఎవరికీ తేడా తెలియకుండా కుట్టు" అంది.

నాకూ తేడా తెలియకూడదనే ఉంది, దాచుకోవడం ఏముంది. ఇప్పుడు కొందరు ఏమీ పెట్టుకోకుండా అలాగే తిరుగుతున్నారు, వాళ్ళ ధైర్యానికి దణ్ణం పెడతాను. నా కోరిక వేరు. ఆ రాత్రి నాలుగైదు గంటలు పీటల మీద కూర్చున్నప్పుడు నా చెయ్యి ఒక్కసారి కూడా పమిట సర్దుకోవడానికి పైకి లేవకూడదు. మూడేళ్ళుగా నాకు అదొక అలవాటైపోయింది. ఎవరు ఎదురుపడినా చెయ్యి దానంతట అదే పమిట మీదికి పోతుంది. పిల్ల పెళ్ళి చూడాల్సిన కళ్ళు నన్ను నేను చూసుకోవడంతో సరిపోతే ఎలా?

ముందు కొలతలు కావాలి. జాకెట్టు కొలతలు ఎవరికి వారు తీసుకోలేరు, భుజాలు ముందుకి వంగిపోతాయి. అమ్మాయి హైదరాబాదులో ఉంది. వదినని అడగడానికి మనసొప్పలేదు. చివరికి మా వారినే పిలిచాను. ఈయన బ్యాంకులో పని చేస్తారు, అంకెలంటే గురి. చత్వారం కళ్ళద్దాలు పెట్టుకుని, టేపు ఒక చేత్తో, పాల లెక్క రాసే పుస్తకం ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డారు. తలుపు గడియ వేశాను.

మామూలుగా అయితే ఛాతీ చుట్టుకొలత ఒకటి తీసుకుని నాలుగు భాగాలు చేస్తారు. కుడీ ఎడమా ఒకటే అని లెక్క. నాకు అది కుదరదు కాబట్టి రొమ్ము మధ్య ఎముక దగ్గరనుంచి చంక కింది కుట్టు వచ్చేచోటిదాకా కుడివైపు వేరే, ఎడమవైపు వేరే కొలవమన్నాను. కుడివైపు కొలిచి గట్టిగా చదివారు. "పదింబావు." ఎడమవైపు టేపు పెట్టి ఆగిపోయారు. ఆసుపత్రిలో కట్టు మార్చినప్పుడు చూసిన మనిషే. కానీ ఇంటికొచ్చాక నేనెప్పుడూ లైటు వెలుగులో ఆయన ముందు నిలబడలేదు, ఆయనా అడగలేదు. ఇద్దరం ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటూ అలా గడిపేశాం.

"నొప్పి పెడుతుందా టేపు తగిలితే?" అన్నారు.

"లేదు. అక్కడ స్పర్శే లేదు. చదవండి."

"ఎనిమిదిన్నర." రాసుకున్నారు. కాసేపాగి, "గీతకి కొంచెం అవతల. ఎనిమిదిన్నర అనే రాయనా, ఆ కొంచెం కూడా రాయనా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. బ్యాంకు వాళ్ళు కదా, పైసా కూడా వదలరు.

చేతి కొలత మాత్రం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తీయించుకున్నాను. గ్రంథులు తీసేసినవాళ్ళకి చెయ్యి సాయంత్రానికి కాస్త వాచే అవకాశం ఉంది. పొద్దున పదకొండుంబావు ఉన్న చెయ్యి సాయంత్రానికి పన్నెండయింది. మనకి కావలసింది సాయంత్రం కొలతే. దాని మీద ఇంకో అంగుళంన్నర వదులు వేసుకుని పదమూడున్నర పెట్టాను. ఆ చేతికి బిగుతైన చేతులు, బిగుతైన గాజులు వద్దని ఫిజియోథెరపీ అమ్మాయి గట్టిగా చెప్పింది. రెండు చేతులూ ఒకేలా మోచేతి దాకా పెట్టేశాను. వదులు చేతులు ఇప్పుడు ఫ్యాషనే కాబట్టి అడిగేవాళ్ళు లేరు.

పట్టు మీద నేరుగా కత్తెర పెట్టకూడదు. పాత కాటన్ చీర చింపి నమూనా కుట్టాను. ఒకటి కాదు, మూడు. నమూనాలు ఉన్నదే మనకి సంగతి చెప్పడానికి. మొదటి నమూనా చెప్పిన సంగతి, ముందు మెడ లోతు తగ్గించమని. కాలరు ఎముక కింద ఎడమవైపు గుంటలా ఉంటుంది నాకు. మెడ కిందికి దిగితే వంగినప్పుడల్లా అక్కడ గుడ్డ నోరు తెరుస్తుంది. ఏడు అంగుళాల మెడని అయిదుకి తెచ్చాను. ఎడమవైపు మెడ అంచులో కనపడని చిన్న టక్కు ఒకటి పట్టాను. ముందు పోయిన రెండంగుళాలూ వెనక మెడలో రాబట్టుకున్నాను లెండి. రెండో నమూనా చెప్పింది, చంక కింద ఒక చిన్న ముక్క కావాలని. రెండున్నర అంగుళాల చతురస్రం, పతంగిలా నిలువుగా తిప్పి చంక కుట్లు కలిసేచోట అతికితే చెయ్యి పైకెత్తినా జాకెట్టు నడుం దగ్గర పైకి లేవదు. పాతకాలం రవికల్లో ఇలాంటి ముక్క ఉండేది, మా అమ్మమ్మవి చూశాను. ఎక్కడ పోగొట్టుకున్నామో ఈ తెలివి.

ఇక లోపల పెట్టుకునేది. సిలికాన్‌వి దొరుకుతాయి, నా దగ్గరా ఒకటుంది. బరువు సరిగ్గా ఉంటుంది కానీ, మే నెల ఎండలో, హోమం పొగ పక్కన అది పెట్టుకుంటే ఒళ్ళు ఉడికిపోతుంది. నూలుతో అల్లి దూది నింపినవి చల్లగా ఉంటాయి, కానీ మరీ తేలిక. నడుస్తుంటే మెల్లిగా పైకి జరుగుతూ భుజం దగ్గరికి వచ్చేస్తాయి. దూదికి కాస్త బరువు తోడైతే చాలు. ఏం వెయ్యాలా అని రెండు రోజులు ఆలోచించాను. బియ్యం వేస్తే పురుగు పడుతుంది. గోళీలు వేస్తే గుచ్చుకుంటాయి. అప్పుడు గుర్తొచ్చింది ఆవాల దిండు. పసిపిల్లలకి తల గుండ్రంగా రావాలని మన ఇళ్ళలో పెడతారే, అది. మా అమ్మాయికి మా అమ్మ కుట్టిన దిండు నాకు బాగా గుర్తు. ఆవాలు నున్నగా ఉంటాయి, గుచ్చుకోవు, తల ఎటు తిప్పితే అటు సర్దుకుంటాయి.

ఆవాలు ఎండలో పోసి, చల్లారాక 150 గ్రాములు తూచి, సన్నటి గుడ్డ సంచీలో కుట్టేశాను. దాన్ని దూది మధ్యలో, కింది భాగంలో వచ్చేలా పెట్టాను. పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. రెండువైపులా ఒక్క గీత మీద ఉన్నాయి. ఫోన్‌లో చెబితే మా అమ్మాయి ఒకటే నవ్వు. "పోపుల డబ్బాలోవేనా అమ్మా? చిటపటలాడతాయేమో జాగ్రత్త, హోమం పక్కన కూర్చుంటున్నావు."

అది కూర్చోవడానికి జాకెట్టు లోపలే జేబు కుట్టాను. జేబు గుడ్డ మా వారి పాత పంచె ముక్క. ఎన్నో ఉతుకులు తిన్న పంచెకన్నా మెత్తనిది బజారులో దొరకదు. రేడియేషన్ అయిన చర్మం మీద కుట్టు మడతలు ఒరిస్తే మంట, కాబట్టి మడతలన్నీ ఒంటివైపు కాకుండా లైనింగువైపు తిప్పాను. పైనా కిందా మధ్యవైపూ కుట్టి, చంకవైపు తెరిచి ఉంచాను. ఉతికేటప్పుడు ఆవాలు తీసేయాలిగా, లేకపోతే మొలకలొస్తాయి.

లైనింగుకి రుబియా తెచ్చి రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాను. అది పెళ్ళయ్యాక మొదటి ఉతుకుకి కుంచించుకుపోతే పైన పట్టు ముడతలు పడుతుంది. మిషనుకి నూనె వేసి, ఆ నూనె మరక పట్టుకి అంటకుండా అరగంట పాత గుడ్డ మీద తొక్కాను. మామూలుగా వాడే పదహారు నంబరు సూది తీసేసి పదకొండు నంబరు పెట్టాను. పట్టు మీద సూది తప్పు చోట దిగితే ఆ చిల్లు పోదు, విప్పి కుట్టడానికి ఉండదు. అందుకని లైనింగూ పట్టూ కలిపి ముందు చేత్తో టాకాలు వేసి, ఆ తర్వాతే మిషను మీదికి. చేతిపని చేసినంతసేపూ ఎడమ చేతి వేళ్ళకి అంగుస్తాను తొడుక్కున్నాను. ఆ చేతికి సూది గుచ్చుకోకుండా చూసుకోవాలి, చిన్న గాయమైనా చీము పడితే పెద్ద తలనొప్పి.

కుడివైపు ముందు భాగం ఒక కాగితం, ఎడమవైపు ఇంకో కాగితం. రెండూ పక్కపక్కన నేల మీద పరిచి గుడ్డ కత్తిరించేముందు కాసేపు అలా కూర్చుండిపోయాను. బి.ఏ.లో మాకు రవిక, కంచుకం, చోళీ అని పర్యాయపదాలు బట్టీ పట్టించారు. కావ్యాల నిండా వర్ణనలే, ఏ కవీ ఒకవైపు కాగితం చిన్నగా ఉన్న ఆడదాన్ని చూసినట్టు లేదు. చూసుంటే ఏం రాసేవాడో. సరే, అదంతా ఎందుకు, కత్తెర తీసుకున్నాను.

పగలు పెళ్ళి పనులు, రాత్రి మిషను. తొమ్మిది రాత్రులు పట్టింది. హుక్కులు ముందువైపే పెట్టాను, చెయ్యి వెనక్కి తిరగదు కాబట్టి. కాజాలు పట్టు దారంతో చేత్తో కట్టాను. మా వదిన పెళ్ళికి పది రోజుల ముందే దిగింది. రాత్రి పదకొండింటికి మిషను చప్పుడు వింటూ పక్క గదిలో పడుకునేది. ఒక రాత్రి లేచి వచ్చి, పక్కన పీట వేసుకుని, అంచుకి హెమ్మింగు వెయ్యడం మొదలుపెట్టింది. జేబు చూసింది. వేలు పెట్టి తడిమి చూసింది. "పంచె గుడ్డా?" అంది. అవునన్నాను. "మంచిపని చేశావు" అని మళ్ళీ హెమ్మింగులో పడింది. కుట్టు మాత్రం నాకన్నా సన్నగా వేస్తుంది.

జాకెట్టు కుదిరిందా లేదా అని అద్దం ముందు నిలబడితే తెలియదు. అల్లుడి కాళ్ళు మా వారు కడుగుతుంటే చెంబుతో నీళ్ళు ధారగా పోయాల్సింది నేను. అక్షింతలు వెయ్యడానికి చెయ్యి తల పైకి లేవాలి. పీట మీదనుంచి ఒక చెయ్యి ఆనించి లేవాలి. కాబట్టి జాకెట్టు వేసుకుని, పాత చీర కట్టుకుని పెరట్లోకి వెళ్ళి తులసికోట దగ్గర కూర్చుని చెంబుతో నీళ్ళు పోశాను, నాలుగు చెంబులు. లేచాను, కూర్చున్నాను. జామచెట్టు మీదికి అక్షింతల్లా ఆకులు విసిరాను. పక్కింటి పిన్నిగారు గోడ మీదినుంచి చూసి, "పాపం, పెళ్ళి హడావిడిలో మతి పోయినట్టుంది" అనుకునే ఉంటారు. జాకెట్టు కదల్లేదు. జేబులో ఆవాలు కూడా.

పెళ్ళి రాత్రి పదకొండు దాటాక ముహూర్తం. తెరసెల్లా, జీలకర్రా బెల్లం, తలంబ్రాలు, అన్నీ చూశాను. ఎంత బాగా చూశానంటే, బెల్లం పెట్టేటప్పుడు మా అమ్మాయి చెయ్యి వణకడం, అబ్బాయి ఇంకో చేత్తో ఆ చెయ్యి మెల్లిగా పట్టుకోవడం కూడా చూశాను. వీడియోలో అది పడలేదు, పురోహితుడుగారి భుజం అడ్డొచ్చింది. నా చెయ్యి పమిట మీదికి వెళ్ళలేదా అంటే, ఒకటి రెండుసార్లు వెళ్ళింది. మూడేళ్ళ అలవాటు తొమ్మిది రాత్రుల్లో పోదు. వెళ్ళి, అక్కడ సర్దాల్సిందేమీ లేక తిరిగొచ్చింది.

అప్పగింతలయ్యాక, అందరం ఏడ్చి ముక్కులు తుడుచుకున్నాక, వియ్యపురాలు నా పక్కన కుర్చీలో కూలబడింది. ఆవిడది అరచేతి వెడల్పు జరీ అంచున్న కంచిపట్టు. భుజం పట్టుకుని నొక్కుకుంటోంది. నన్ను ఎగాదిగా చూసి, "జాకెట్టు ఎక్కడ కుట్టించారు వదినగారూ? రాత్రినుంచి చూస్తున్నాను, నలగను కూడా నలగలేదు" అంది. నేను జవాబు చెప్పేలోగా మా వదిన వెనకనుంచి, "ఇంట్లోనే. మా మరదలే కుట్టుకుంది. హెమ్మింగు నాది" అంది.

చెప్పొద్దన్న ఆవిడే.

ఆ జాకెట్టుని ఇప్పుడు బీరువా పై అరలో పెట్టాను, పాత ఆకుపచ్చ జాకెట్టు ఉండే చోట. ఆకుపచ్చదాన్ని విప్పి గుడ్డ ముక్కలు అలుకు గుడ్డలకి వేశాను, హుక్కులు దాచాను. కొత్త కాగితాలు రెండూ, కుడీ ఎడమా, చుట్టచుట్టి మిషను సొరుగులో ఉన్నాయి.

కీమో రోజుల్లో నా పక్క మంచం ఆవిడ ఒకామె మొన్న ఫోన్ చేసింది. సామర్లకోట దగ్గర పల్లెటూరు. శ్రావణంలో కొడుకు గృహప్రవేశమట, పీటల మీద కూర్చోవాలట. ఆవిడది కుడివైపు. గురువారం రమ్మన్నాను. ఉన్నవాటిలో మెత్తటి పంచె ముక్క ఒకటి తెచ్చుకోమన్నాను, చేతి కొలత కోసం సాయంత్రం దాకా ఉండేలా రమ్మన్నాను. అన్నిటికీ సరేనండి సరేనండి అంది. ఫోన్ పెట్టేసేముందు గొంతు తగ్గించి అడిగింది:

"ఆవాలు నన్ను తెచ్చుకోమంటారా అమ్మా, మీ దగ్గరుంటాయా?"